మోచేయి మడిచినంత దూరం

మా అత్తగారికి కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించాలన్నారు. కిష్టారెడ్డిపేటలో ఆటో ఎక్కి, పటాన్‌చెరులో బస్సు మారి, పట్నంలో ఆ కంటి ఆసుపత్రికి చేరేలోపు ఆవిడ మూడుసార్లు ఇంటికి పోదామంది. డాక్టరు చూసిన తర్వాత మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పంపారు. అక్కడున్న అమ్మాయి లెన్సుల బొమ్మలున్న అట్ట ఒకటి మా ముందు పెట్టి, పాఠం అప్పచెప్పినట్టు చెప్పింది.

"అమ్మా, కంట్లో పెట్టే లెన్సు దూరం చూపుకి పెట్టమంటారా, దగ్గర చూపుకా? మామూలు లెన్సయితే రెండింటిలో ఒకదానికే పనికొస్తుంది. రెండోదానికి కళ్ళజోడు వాడుకోవాలి."

మా అత్తగారు నా వైపు తిరిగి, "మనింట్లో టీవీ ఎంత దూరంలో ఉంటుందే?" అని అడిగింది.

 దూరమా, దగ్గరా అన్న ఆ ప్రశ్న నేను పదేళ్ళ కిందట ఇంకొకామె పక్కన కూర్చుని విన్నాను. ఆమె ఏం చెప్పిందో గుర్తొచ్చి నా కుడిచేయి మోచేతి దగ్గర దానంతట అదే మడుచుకుంది. ఆమె పోయి మూడేళ్ళయిందట. ఆ సంగతి కూడా నాకు పోయిన ఏడాదే, ఆమె ఊరు లక్డారం నుంచి వచ్చే పాలాయన చెప్తే తెలిసింది.

పాశమైలారంలో ఇంజక్షన్ మందులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను పెళ్ళికి ముందు మొదలుపెట్టి చాలా ఏళ్ళు పనిచేశాను. మందు నింపి మూతి కరిగించి మూసిన గాజు ఆంపూళ్ళు ట్రేల్లో మా గదికి వచ్చేవి. ఒక్కొక్క ఆంపూలు తీసి లోపల నలుసు గాని, పోగు గాని, గాజు రవ్వ గాని ఉందేమో చూడటం మా పని. బల్ల మీద దీపం, దీపం వెనక పక్కపక్కనే రెండు పలకలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఆ బల్ల దగ్గర మొదటి కుర్చీ ఆమెది. లక్డారంలో వాళ్ళ పొలం ఫ్యాక్టరీల కింద పోయాక, ఆ ఊరి నుంచి పనికి వచ్చిన మొదటి ఆడమనిషి ఆమేనట. మేమందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఆమె వయసు కంపెనీ కాగితంలో ఒకటి, ఆమె లెక్కలో ఇంకొకటి. రెండూ నమ్మదగ్గవి కావు.

మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. నాన్న పబ్లిక్ సెక్టార్ ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చేరిన మొదటి రోజున నేను, "పెద్దమ్మగారూ, మీరు ఎప్పటినుంచి పనిచేస్తున్నారు?" అని అడిగితే ఆమె కుర్చీలో వెనక్కి తిరిగి చూసింది.

"ఎవలితోని మాట్లాడుతున్నవు బిడ్డా? నా ఎనక ఇంకెవలన్న నిలబడ్డరా?"

"మీతోనే."

"నువ్వు అను. మీరు మీరు అంటే నాకు పరేషానయితది. సూపు మంచిగ ఆనది."

ఆ రోజే పని నేర్పింది. ఆంపూలు మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోవాలి. మెల్లగా తలకిందులు చెయ్యాలి, కుదిపితే బుడగలొచ్చి నలుసుల్లాగే కనిపిస్తాయి. మోచేయి మడిచి పట్టుకున్నప్పుడు చెయ్యి ఎక్కడుంటుందో అక్కడే ఆంపూలు ఉండాలి. ముందు తెల్ల పలక ముందు, తర్వాత నల్ల పలక ముందు చూడాలి. బాగున్నది కుడిపక్క ట్రేలోకి, బాగాలేనిది ఎడమపక్క ఎర్ర డబ్బాలోకి. ఆమె ఆంపూలు కుడి ట్రేలో పెడితే చప్పుడయ్యేది కాదు. నిద్రపోతున్న పసిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు పెట్టేది.

"తెల్లదాని ముంగట నల్ల నలుసు కనవడ్తది. నల్లదాని ముంగట తెల్ల పోగు కనవడ్తది. ఒక్క దిక్కు సూసి మంచిగున్నది అనకు. గిది ఎవలి నరంలకో పోతది బిడ్డా. ఆళ్ళు మనకు ఎరుకలేదు, మనం ఆళ్ళకు ఎరుకలేదు."

ఆ రెండు పలకలు ఆమె ఫ్యాక్టరీలో వదిలేసి వచ్చేది కాదు. క్యాంటీన్లో టీ గ్లాసు ఎత్తి ముందు గోడ వైపు చూసేది, తర్వాత వంటగది చీకటి వైపు తిప్పి చూసేది, అప్పుడు తాగేది. టీ పోసేవాడు ఉడుక్కునేవాడు. నాకు సంబంధం కుదిరిందని చెప్తే కూడా అదే వరస.

"పిలగాడు మంచోడేనా?"

"చాలా మంచివాడు పెద్దమ్మా. నవ్వుతూ మాట్లాడాడు."

"అది తెల్లదాని ముంగట సూసినవు. కోపమొచ్చినప్పుడు సూసినవా?"

చూడలేదు. పెళ్ళయ్యాక చూశాను, ఇప్పటికీ చూస్తున్నాను. అందులో పెద్ద నలుసులేమీ లేవు గాని ఒకటి రెండు బుడగలున్నాయి.

గంటకోసారి మాకు పది నిమిషాలు విశ్రాంతి. మేము కబుర్లకి లేచేవాళ్ళం. ఆమె మాత్రం రెండు అరచేతులూ రుద్దుకుని కళ్ళ మీద పెట్టుకుని కూర్చునేది. ఏం చేస్తున్నావంటే, "నా కండ్లను జెర ఇంటికి తోలిన. అన్నం తిని వస్తయి" అనేది. పది నిమిషాలూ అలాగే ఉండేది. ఆ అరచేతులు తీసేటప్పుడు ఆమె ముఖం నిద్ర లేచినంత తేటగా ఉండేది.

ఆరునెలలకోసారి మా కళ్ళకి పరీక్ష ఉండేది. ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో గోడకి చార్టు వేలాడుతుంటుంది. చదువురానివాళ్ళ కోసం అక్షరాల బదులు మూడు కాళ్ళ గుర్తులుంటాయి. ఆ కాళ్ళు పైకున్నాయో కిందికున్నాయో, కుడికో ఎడమకో చేత్తో చూపించాలి. ఇరవై అడుగుల దూరంలో నిలబడి, ఒక్కొక్క కంటితో, కళ్ళజోడు లేకుండా. కళ్ళజోడున్నవాళ్ళకి చెకింగ్ బల్ల దగ్గర చోటు లేదు. జోడు మీద దీపం మెరిసి నలుసు దాక్కుంటుందని మా మేనేజరు వాదన. ఆమె ఆ చార్టు ముందు నిలబడితే చూడముచ్చటగా ఉండేది. కాంపౌండరు కర్ర పెట్టేలోపే ఆమె చెయ్యి తిరిగిపోయేది. మేం అది చూపే అనుకునేవాళ్ళం.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. పెళ్ళయిన తర్వాత నన్ను క్వాలిటీ విభాగంలోకి మార్చారు. అక్కడ ఒక పని ఉండేది. ఇరవై చెడ్డ ఆంపూళ్ళకి అడుగున కంటికి ఆనని చిన్న గీత పెట్టి, మంచి ఆంపూళ్ళ ట్రేలో కలిపి, చెప్పకుండా ఒక్కొక్కరి ముందు పెట్టాలి. ఎర్ర డబ్బాలోకి ఎన్ని వచ్చాయో లెక్కచూసి రాయాలి. తొంభైల చివర ఒక వానాకాలం, ఆమె ట్రే లెక్కచూశాను. ఎర్ర డబ్బాలో పన్నెండే ఉన్నాయి. మిగతా ఎనిమిదీ కుడి ట్రేలో, చప్పుడు లేకుండా, పసిపిల్లల్లాగా పడుకుని ఉన్నాయి.

మళ్ళీ పెట్టాను. ఈసారి పదకొండు. అప్పుడు కూర్చుని ఆమెనే గమనించాను. ఆంపూలు ఎప్పుడూ ఉండేచోట లేదు. ముక్కుకి దగ్గరగా వస్తోంది, దూరం పోతోంది. చార్టు ఆమె చూసి చెప్పడం లేదని, ఏళ్ళ తరబడి మారని ఆ వరస చేతికి కంఠతా వచ్చిందని అప్పుడు అర్థమైంది. రిజిస్టరు ముందు పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. రాయకపోతే ఎవరికీ తెలియదు. రాయకుండా ఉండటానికి ఆమె నాకు పని అలా నేర్పలేదు. పదకొండు అని రాసి సంతకం పెట్టాను.

మేనేజరు తొమ్మిది వదిలేశావని ఆమెకి చెప్పి, బల్ల దగ్గర నుంచి లేపాడు. చెడ్డవాడు కాదు. ఆపరేషన్ చేయించుకుని వచ్చి, డిస్పెన్సరీ డాక్టరుతో ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే కుర్చీ మళ్ళీ ఆమెదేనన్నాడు. ఆ కాగితం నా చేతికిచ్చి, ఏముందో చూసి ఆమెకి చెప్పమన్నాడు. పరీక్ష పెట్టింది ఎవరో ఆమెకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆమె నన్నే తోడు రమ్మంది. "నువ్వైతే డాక్టరు మాట తెలుగుల చెప్తవు" అంది. పట్నం ఆసుపత్రికి ఆమె, ఆమె కొడుకు, నేను. కొడుకు అదే ఇండస్ట్రియల్ ఎస్టేటులో లారీ లోడింగ్ దగ్గర పనిచేసేవాడు. అప్పటికి లక్డారంలో కంటి క్యాంపులకి వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళందరూ సోడాబుడ్డి కళ్ళద్దాలతో తిరుగుతుండేవాళ్ళు. కంటిలోపలే అద్దం పెడతారని చెప్తే ఆమెకి ముందు నమ్మకం కుదరలేదు.

డాక్టరు ఓపికగల మనిషి. "లెన్సు ఒక దూరానికే పనిచేస్తుందమ్మా. అందరూ దూరం చూపే పెట్టించుకుంటారు. దగ్గర పనులకి కళ్ళజోడు వాడుకోవచ్చు. దూరమే పెట్టనా?" అన్నాడు.

ఆమె కొంగుముడి విప్పింది. అందులో ఒక ఆంపూలు ఉంది.  ఫ్యాక్టరీ నుంచి ఆంపూలు బయటికి తేవడమంటే ఉద్యోగం పోయే తప్పు. ఆమె నా ముఖం చూసి నవ్వింది.

"దొంగతనం కాదు బిడ్డా. గేటుకాడ రాయించే తెచ్చిన. నీళ్ళ ఆంపూలు, ఒకటి, కంటి పనికి అని."

నిజమే. మర్నాడు వెళ్ళి చూశాను, గేటు పుస్తకంలో అలాగే రాసి ఉంది. ఆమె మోచేయి మడిచి, ఆంపూలు మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంది.

"నాకు గింత దూరం కావాలె సారూ. గీడ నలుసుంటే కనవడాలె."

డాక్టరు నా వైపు చూశాడు. నేను బల్ల గురించి, కళ్ళజోడు నియమం గురించి చెప్పాను. ఆయన, "మరి దూరంగా మనుషులు ఆనరు. బస్సు నంబరు కనిపించదు. రోడ్డు దాటాలంటే కళ్ళజోడు ఉండాల్సిందే. ఒకసారి పెట్టాక మార్చడం మంచిది కాదు" అన్నాడు.

కొడుకు అందుకున్నాడు. "అమ్మా, జెర సోంచాయించు. నీకు కొల్వు ఇగ ఎన్నేండ్లున్నది? మనది హైవే మీద ఇల్లు. లారీలు ఎట్ల పోతయో నాకు ఎరుకనే గద."

"లారీ గంత పెద్దగుంటది, కనవడక ఏడ పోతది? దానికి అద్దాలు పెట్టుకుంట. నా బల్లకాడ అద్దాలు పెట్టుకోనియ్యరు."

"కొల్వు అయిపోయినంక?"

"అయిపోయినంక ఏముంటదిరా దూరాన? ఉన్నయన్నీ పొగగొట్టాలేనాయె. దగ్గరున్నయి కనవడితే చాలు."

నర్సు టేపు తెచ్చి ఆమె కంటి నుంచి ఆంపూలు వరకు కొలిచి కాగితం మీద రాసింది. కొలుస్తున్నంతసేపూ ఆమె చెయ్యి కదల్లేదు. నాకు గర్వంగా అనిపించింది. ఫిట్‌నెస్ కాగితం నా హ్యాండ్‌బ్యాగులో మడిచి ఉంది. 'కళ్ళజోడు లేకుండా' అన్న పై వరుస చూసి సరే అనుకుని మడిచాను గాని, దాని కింది వరుస చదవలేదు.

కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజున నన్ను దగ్గరికి లాక్కుని, నా చీర చెంగు కంటి ముందు పెట్టుకుని, "ఇది నీలమా? ఇన్ని దినాలు పచ్చ అనుకున్న. గిట్ల మోసపోయిన్నా?" అని చిన్నపిల్లలాగా నవ్వింది. నెలన్నర గడిచి చుక్కలమందు ఆపేశాక ఫ్యాక్టరీకి వచ్చింది. మేనేజరు ముందొక ట్రే చూడనిద్దామన్నాడు. పరీక్ష ట్రే నేనే కలిపాను, ఇరవై. ఆమె కూర్చుంది, మోచేయి మడిచింది. చెయ్యి ముందుకీ వెనక్కీ పోలేదు. కుడికి, కుడికి, ఎడమకి. అయ్యాక ఎర్ర డబ్బా లెక్కపెడితే ఇరవై ఒకటున్నాయి. ఆ ఇరవై ఒకటోది నేను మంచిదనుకుని కలిపిన ఆంపూలు. దీపం ముందు తిప్పితిప్పి చూస్తే, అడుగున వెంట్రుకలో సగం ముక్కంత పోగుంది. గదిలో అందరం చప్పట్లు కొట్టాం. మేనేజరు కూడా కొట్టాడు.

తర్వాత సంతకం కోసం డిస్పెన్సరీకి వెళ్ళాం. డాక్టరు కాగితం మడతలు విప్పి చదివి, "ఇరవై అడుగుల నుంచి చార్టు చదవాలి. కళ్ళజోడు లేకుండా" అన్నాడు.

నేను కాగితం లాక్కుని చూశాను. కింది వరుసలో ఉన్నది అదే. మేం చూసే పని మోచేయి దూరంలో, మాకు పరీక్ష ఇరవై అడుగుల దూరంలో. ఇన్నేళ్ళూ ఆ బల్ల దగ్గర కూర్చుని ఆ తేడా ఒక్కరం కూడా గమనించలేదు. దగ్గర చూపుకి పెట్టిన లెన్సుతో ఆ చార్టు ఎవరికైనా మసకే. ఎడమకంట్లో శుక్లం ఇంకా అలాగే ఉంది.

అయినా నాకొక ఆశ. ఆమెకి చార్టు కంఠతా వచ్చు. ఆమె చెయ్యి కళ్ళతో పనిలేకుండా తిరుగుతుంది. తిరగనీ అని మనసులో బతిమాలుకున్నాను. తొమ్మిది ఆంపూళ్ళు వదిలేసిందని రాసిన నేనే ఆ రోజు అలా కోరుకున్నాను.

కాంపౌండరు కర్ర పెద్ద గుర్తు మీద పెట్టాడు. చెయ్యి పైకి చూపింది. కర్ర రెండో వరుసకి దిగింది. ఆమె చెయ్యి అప్పటికే కుడికి తిరగడం మొదలుపెట్టింది. సగంలో ఆగింది. ఆమె ఆ చెయ్యి వంక చూసుకుని, వేళ్ళు మూసి పిడికిలి చేసి చీర కుచ్చిళ్ళలో పెట్టుకుంది.

"ఒక్కటే కనవడ్తున్నది సారూ. కిందియి యాదికున్నయి గని కనవడ్తలేవు."

కాంపౌండరు, "అదేంది పెద్దమ్మా, ఎప్పుడు గడగడ చెప్తవు గదా, చెప్పు" అన్నాడు. పాపం, అతనూ సాయం చేద్దామనే అన్నాడు.

"గప్పుడు సూడకనే చెప్పిన. తొమ్మిది ఆంపూళ్ళు ఎవలి నరంలకో పోతుండె. ఇగ సూసిందే చెప్త."

డాక్టరు కాగితం మీద పనికిరాదని రాశాడు. నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి వాదించాను. ఆయన ఆ ఇరవై ఒకటినీ కళ్ళారా చూశాడు. "నాకు తెలుసమ్మా. రేపు తనిఖీకి వచ్చినవాళ్ళకి ఆ ట్రే చూపించలేను కదా, కాగితమే చూపించాలి" అన్నాడు. ఆమె మిగిలిన రెండేళ్ళూ ఖాళీ ఆంపూళ్ళు కడిగే విభాగంలో చేసి రిటైరయింది. క్యాంటీన్లో కనిపిస్తే ఎప్పటిలాగే మాట్లాడేది. నేనే తల వంచుకుని టీ తాగేదాన్ని.

ఆమె రిటైరయిన కొన్నాళ్ళకి ఆగలేక లక్డారం వెళ్ళాను. ఇంటి ముందర నులకమంచం మీద కూర్చుని ఉంది. నేను గేటు తీసుకుని వస్తుంటే చూస్తూనే ఉంది గాని గుర్తుపట్టలేదు. ఆ ఊళ్ళో కొందరు ఆమెకి పట్నం కన్ను వచ్చి గర్వం పెరిగిందని, ఎదురొస్తే పలకరించదని అనుకుంటున్నారట. ఆమె కోడలు నవ్వుతూ చెప్పింది. కళ్ళజోడు గూట్లో దుమ్ముకొట్టుకుని ఉంది. రోడ్డెక్కేటప్పుడు తప్ప పెట్టుకోదట.

"పెద్దమ్మా, నేనే" అన్నాను.

"గొంతు ఎరుకైంది. దగ్గరికి రా."

నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేననిపించింది. ఆ ట్రేలో ఆంపూళ్ళు కలిపింది నేనేనని, పదకొండు అని రాసింది నేనేనని చెప్పాను.

"ఎరుకనే. గా దినం నువ్వు నా మొకం దిక్కు సూడలే. గప్పుడే ఎరుకైంది. గది తప్పు కాదు బిడ్డా. నువ్వు రాయకుంటే నేనే నిన్ను తిడుదు."

"అది కాదు పెద్దమ్మా, ఇంకొకటుంది." మంచం కోడు పట్టుకున్నాను. "డాక్టరు దూరమా దగ్గరా అని అడిగినప్పుడు ఫిట్‌నెస్ కాగితం నా సంచిలోనే ఉంది. ఇరవై అడుగులని అందులో రాసి ఉంది. నేను కింది వరుస చదవలేదు. చదివుంటే నీకు చెప్పేదాన్ని. ముందే మేనేజరుతో మాట్లాడేదాన్ని. నీ కుర్చీ పోయింది నా వల్లే."

ఇది ఆమెకి తెలియదు.  రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, దాని చప్పుడు పూర్తిగా ఆగేదాకా అలాగే కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆమె చెయ్యి చాచి నా గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని, మోచేయి మడిచి, నా ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఆమె కుడికన్ను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. లోపల అద్దం చిన్నగా మెరిసింది. కుదపకుండా, మెల్లగా నా ముఖాన్ని సున్నం వేసిన గోడ వైపు తిప్పి చూసింది. తర్వాత చీకటిగా ఉన్న వాకిలి వైపు తిప్పి చూసింది.

నా భుజం పట్టుకుని, చప్పుడు కాకుండా, తన కుడిపక్కన కూర్చోబెట్టుకుంది.